రూపాయికి 122 రూపాయలా!

సొసైటీ లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కాకా, నమస్కారం. మాది షోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డులో ఒక హౌసింగ్ సొసైటీ. సభ్యుల్లో ఎక్కువమంది మన తెలుగువాళ్ళే, ఆడవాళ్ళు బీడీలు చేస్తారు, మగవాళ్ళు పవర్‌లూమ్‌ల మీద పోతారు. నేను కార్యదర్శిని. పోయిన ఏడాది ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) కింద 1,80,000 రూపాయలిస్తే కుట్టు మిషన్లు కొని, మా హాల్లో ఆరు నెలలు టైలరింగ్ క్లాసు నడిపాం. 24 మంది చేరారు, 17 మంది పూర్తి చేశారు. అందులో 9 మంది ఇప్పుడు కుట్టి సంపాదిస్తున్నారు, అందరిదీ కలిపి నెలకు 27,000 వస్తోంది. రెండో విడతకు డబ్బు అడిగితే కంపెనీవాళ్ళు “మొదటి విడత సోషల్ వాల్యూ, అంటే సమాజానికి జరిగిన మేలు విలువ, ఎంతో లెక్కకట్టి ఇవ్వండి” అన్నారు. బ్రిటన్‌లో హౌసింగ్ అసోసియేషన్లు ఇలాంటి లెక్కలు వేస్తాయని పుణెలో చదివే మా మరిది కొడుకు చెప్పి, ఆ పద్ధతిలో ఒక షీటు చేసి పంపాడు. విలువ 2 కోట్ల 21 లక్షలు వచ్చింది! పంపుదామంటే చేయి ఆడడం లేదు, పంపకపోతే డబ్బు రాదేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?
– కార్యదర్శి, షోలాపూర్

జవాబు: చేయి ఆడకపోవడమే మంచిదైంది, అమ్మా. ఆ షీటు పంపకండి.

కుర్రవాణ్ణి కోప్పడకండి, గుణకారంలో తప్పేమీ లేదు. 17 మంది, మనిషికి 13,000 పౌండ్లు, పౌండుకు 100 రూపాయలు. మీకు వచ్చిన 1,80,000తో భాగిస్తే రూపాయికి 122 రూపాయల పైచిలుకు. అలాంటి వ్యాపారం నిజంగా ఉంటే నా పెన్షనంతా తెచ్చి మీ హాల్లోనే పెడతాను. ముప్పై ఏళ్ళు సొసైటీల ఆడిట్లు చేశాను, రూపాయికి రూపాయిన్నర చూపించిన చేర్మన్‌ని కూడా వోచర్లు తెమ్మనేవాణ్ణి.

ఆ 13,000 ఎక్కడిదో చెబుతాను. బ్రిటన్ ఆర్థిక శాఖ 2021లో ఇచ్చిన మార్గదర్శకంలోది. అక్కడ సర్వేల్లో “మొత్తం మీద ఈమధ్య మీ జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారు?” అని అడిగి 0 నుంచి 10 దాకా మార్కు వేయమంటారు. ఒక మనిషికి ఆ తృప్తి ఒక మార్కు పెరిగి ఏడాదిపాటు నిలిస్తే దాని విలువ 13,000 పౌండ్లు అనుకోవచ్చని, అదీ 2019 ధరల్లో అని రాశారు. 10,000 నుంచి 16,000 దాకా ఎంతైనా కావచ్చని కూడా వాళ్ళే రాసుకున్నారు. మీవాడు మీ 17 మందికీ తలా ఒక మార్కు పెరిగిందని అనుకుని లెక్క కట్టేశాడు. ఒక్కరినైనా అడిగాడా? మీరైనా అడిగారా?

ఇక హౌసింగ్ అసోసియేషన్ల సంగతి. అవి మన సొసైటీల్లాంటివి కావు. లాభం కోసం కాకుండా ఇళ్ళు కట్టి, తక్కువ కిరాయికి ఇచ్చే సంస్థలు. కిరాయి వసూలు, మరమ్మతులు కాక తమ కిరాయిదార్లకు ఉద్యోగ శిక్షణ, అప్పుల సలహా, పిల్లల క్లబ్బులు లాంటివి నడుపుతాయి. వీటి మీద పెట్టే ఖర్చునే ‘కమ్యూనిటీ ఇన్వెస్ట్‌మెంట్’ అంటాయి. ప్రభుత్వ సంస్థలు సేవలు కొనేటప్పుడు సామాజిక విలువ గురించి కూడా ఆలోచించాలని అక్కడ 2012లో చట్టం చేశారు. దాంతో అందరికీ లెక్కలు కావలసివచ్చాయి. 2014లో హ్యాక్ట్ అనే సంస్థ ‘సోషల్ వాల్యూ బ్యాంక్’ అని ఒక పట్టిక తెచ్చింది. అది బ్యాంకు కాదు, రేట్ల చిట్టా. వేలమందిని ఏటేటా అడిగే పెద్ద సర్వేలు అక్కడ ఉన్నాయి. వాటిలో ఉద్యోగం దొరికినవాళ్ళకు తృప్తి ఎంత పెరిగిందో చూస్తారు. అంతే తృప్తి ఉత్త ఆదాయం వల్ల రావాలంటే ఆదాయం ఎంత పెరగాలో చూస్తారు. ఆ డబ్బును ఆ ఉద్యోగానికి విలువగా రాసుకుంటారు.

ఆలోచన చెడ్డదేమీ కాదు. కానీ ఆ రేట్లలో ఉన్నది అక్కడి జీతాలు, అక్కడి కిరాయిలు, అక్కడివాళ్ళ జవాబులు. వాటిని వందతో గుణిస్తే షోలాపూర్ రాదు.

ఇంకో మాట, ఇది మీ టెన్షన్ తగ్గించడానికి. మన దేశంలో సీఎస్ఆర్ ఖర్చు ఫలితాన్ని బయటివాళ్ళతో మదింపు చేయించాలన్న నియమం 2021లో వచ్చింది. అది అందరికీ కాదు. గత మూడేళ్ళ సగటున 10 కోట్లు, అంతకు మించి సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలకు, అదీ కోటి రూపాయలకు తగ్గని ప్రాజెక్టులకు, పని ముగిసిన ఏడాది తర్వాతే. మీ 1,80,000 దాని దరిదాపుల్లో లేదు. కంపెనీవాళ్ళు అడిగింది చట్టం కోసం కాదు, వాళ్ళ బోర్డుకు చూపించుకోవడానికి. నిజాయితీగా రాసిన ఒక పేజీ చాలు.

ఆ పేజీ ఎలా రాయాలి? మీకు ఫోన్ చేసి ఆరా తీసిన వివరాలతో నేనే మొదలుపెడతాను, తప్పులుంటే దిద్దండి.

9 మంది, నెలకు 27,000. ఇందులో ముగ్గురికి ముందు నుంచే ఇంట్లో మిషన్ ఉంది, ముగ్గురూ కలిసి నెలకు 6,500 తెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు 9,500 వస్తోంది. కాబట్టి మీ క్లాసు ఖాతాలో పడేది 3,000 మాత్రమే. మిగతా 6,500 మీరు లేకపోయినా వచ్చేది. బ్రిటన్‌వాళ్ళు దీన్ని డెడ్‌వెయిట్ అంటారు, ప్రతి లెక్కలోనూ తీసేస్తారు. నేనైతే ‘ఎలాగూ వచ్చేది’ అంటాను. మీవాడి షీటులో ఈ గడి ఉంది, అందులో సున్నా వేశాడు.

మిగిలిన ఆరుగురిది 17,500. ఆ 3,000, ఈ 17,500 కలిపితే 20,500. ఆ ఆరుగురిలో నలుగురు బీడీలు తగ్గించారని మీరే చెప్పారు. రోజుకు వెయ్యి చేసేవాళ్ళు ఇప్పుడు ఐదు వందలే చేస్తున్నారు, నలుగురికీ కలిపి నెలకు 6,000 పోయింది. తీసేయండి, 14,500. దారం, సూదులు, మిషన్ రిపేరు, కరెంటు కింద 2,000 తీయండి. నికరంగా మిగిలింది నెలకు 12,500, ఏడాదికి 1,50,000. పెట్టిన రూపాయికి మొదటి ఏడాది 83 పైసలు.

122 రూపాయల దగ్గర మొదలుపెట్టి 83 పైసల దగ్గర దించానని నా మీద కోపం తెచ్చుకోకండి. మిషన్లు ఒక్క ఏడాదికి కొన్నవి కావు. వచ్చే ఏడాది కూడా ఈ ఆరుగురూ కుడుతుంటే పెట్టిన డబ్బు వెనక్కి వచ్చినట్టే. నన్నడిగితే ఇది మంచి లెక్క. ఎవరు వచ్చి పుస్తకం తీయమన్నా తీయగలరు. హాలు ఊరికే ఇచ్చారు కదా, ఆ కిరాయి ఎంతయ్యేదో విడిగా రాయండి. అది మీ సొసైటీ పెట్టుబడి, కంపెనీది కాదు.

ఇక్కడ రెండు విషయాలు చూడాలి. బీడీలు సగానికి తగ్గితే కూలితో పాటు పీఎఫ్ జమ కూడా తగ్గుతుంది. మా అమ్మ నలభై ఏళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరించింది. చివరికి చేతిలో మిగిలింది ఆ పీఎఫ్ డబ్బే, దాంతోనే కంటి ఆపరేషన్ చేయించుకుంది. అందుకే ఆ నలుగురికీ ఈ సంగతి విడమరిచి చెప్పండి. చెప్పాక కూడా కుట్టుపనే మేలంటే వాళ్ళ ఇష్టం. రెండోది, మీ గల్లీ మొదట్లో పాత టైలరమ్మ ఉందన్నారు. కొత్తగా ఆరుగురు జాకెట్లు కుడుతుంటే ఆమెకు ఎన్ని తగ్గాయో అడిగారా? ఆమె దగ్గర తగ్గి వీళ్ళ దగ్గర పెరిగితే కాలనీకి వచ్చిన లాభమేమీ లేదు, డబ్బు ఇల్లు మారిందంతే. అడిగి ఆ అంకె కూడా పేజీలో రాయండి.

ఇప్పుడు తృప్తి సంగతి. డబ్బులోకి రానిది చాలా ఉంటుంది, నిజమే. మధ్యాహ్నం నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఆకు చుట్టుకునే మనిషి పదిమందిలో కూర్చుని నవ్వుకోవడం చిన్న విషయం కాదు. కానీ 0 నుంచి 10 అని అడిగితే మనవాళ్ళు తికమకపడతారు. ఆ ప్రశ్నను తెలుగులో పెట్టి మా పక్కింటావిడను అడిగి చూశాను. “పదికి ఎన్ని అంటే ఏం చెప్పాలె అన్నా, బిడ్డ పెండ్లి అయినంక అడుగు” అంది. తర్వాత పది చింతగింజలు చేతికిచ్చి, “మొత్తం తృప్తిగా ఉంటే పదీ ఇక్కడ పెట్టు, అసలు లేకపోతే ఒక్కటీ పెట్టకు” అన్నాను. ఈసారి ఆలోచించి పెట్టింది. నాలుగు పెట్టి, కాసేపు చూసి, ఒకటి వెనక్కి తీసుకుంది. ఆ తీసుకున్న గింజ ఎవరిదని నేను అడగలేదు.

రెండో విడతలో చేరేవాళ్ళను మొదటి రోజే ఇలా అడగండి. క్లాసు అయిపోయాక మళ్ళీ అడగండి, ఆర్నెల్లకు ఇంకోసారి. అడిగేది క్లాసు చెప్పే టీచరమ్మ కాకూడదు, ఆమె ముందు అందరూ పది పెడతారు. అలాగే చేరడానికి పేరు రాయించుకుని సీటు దొరకనివాళ్ళు ఉంటారు కదా, వాళ్ళనూ అడగండి. ఊళ్ళో లూమ్‌లు ఆగిపోతే అందరి గింజలూ తగ్గుతాయి, పండక్కి బోనస్ వస్తే అందరివీ పెరుగుతాయి. ఆ రెంటికీ మీ క్లాసుకూ సంబంధం లేదు. చేరనివాళ్ళకు ఎంత మారిందో తెలిస్తేనే చేరినవాళ్ళకు మీ వల్ల ఎంత మారిందో తేలుతుంది. మొదటి విడతకు మాత్రం ఈ లెక్క లేదు. లేదనే రాయండి. “ముందు అడగలేదు, ఈసారి అడుగుతాం” అంటే తప్పు పట్టేవాళ్ళు ఉండరు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది మీరు ఒక్క ముక్కలో దాటేసిన ఏడుగురు. 24లోంచి 17 తీస్తే 7. వాళ్ళెందుకు మానేశారు? క్లాసు పదకొండింటికి పెట్టామన్నారు. పొద్దున కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, చెత్త బీడీలని తీసేసినవి పోగా లెక్క రాయించుకుని, ఆకూ తంబాకూ తీసుకుని ఇల్లు చేరేసరికి ఎంతవుతుందో మీకు తెలియంది కాదు. బహుశా ఆ ఏడుగురూ నికార్సుగా రోజుకు వెయ్యి చేసేవాళ్ళే అయివుంటారు, అంటే డబ్బు ఎక్కువ అవసరమున్నవాళ్ళే. ఏడు ఇళ్ళూ మీ సొసైటీలోనే ఉన్నాయి, ఒక సాయంత్రం తిరిగి అడిగి రండి. క్లాసు మూడింటికి మారిస్తే ఎంతమంది నిలుస్తారో కంపెనీకి చెప్పగలిగితే 2 కోట్ల 21 లక్షల కంటే దానికే ఎక్కువ విలువ.

మీ షోలాపూర్ పక్కనే కుంభారి దగ్గర బీడీ కార్మికులకు 2006లో పదివేల ఇళ్ళు వచ్చినప్పుడు, మళ్ళీ 2024 జనవరిలో బీడీ, పవర్‌లూమ్ కార్మికుల్లాంటి వాళ్ళకు పదిహేను వేల ఇళ్ళ తాళాలు చేతికందినప్పుడు అందరూ ఇళ్ళ సంఖ్యే చెప్పుకున్నారు. చెప్పుకోవలసిందే, ఎన్నేళ్ళ పోరాటం అది. ఇల్లొచ్చాక ఆ ఇంట్లో ఏం మారిందన్న లెక్క మాత్రం మీలాంటి కార్యదర్శుల దగ్గరే ఉంటుంది. నోటుపుస్తకం పెట్టండి, ఎక్సెల్ తర్వాత చూద్దాం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లో ఇద్దరు రిటైర్డ్ టీచర్లు సాయంత్రం పనివాళ్ళ పిల్లలకు ఉచితంగా చదువు చెబుతున్నారు. వార్షిక నివేదికలో వాళ్ళ శ్రమకు విలువ కట్టి రాయొచ్చా?
– ఒక సభ్యుడు, బరంపురం (ఒడిశా)

జవాబు: రాయొచ్చు. వాళ్ళు లేకపోతే అదే పనికి బరంపురంలో ట్యూషన్ మాస్టారికి గంటకు ఎంత ఇచ్చేవారో అంత వేయండి. వాళ్ళు రిటైరయ్యేనాటి జీతం ప్రకారం వేయకండి, అంకె ఉబ్బుతుంది. అది ఖర్చు వైపు రాయవలసింది, లాభం వైపు కాదు. ఫలితమంటే పిల్లలకు వచ్చింది. అది గంటల్లో కనబడదు. ఎంతమంది బడి మానకుండా పై తరగతికి వెళ్ళారో రాయండి.

ప్రశ్న: మా సొసైటీలో సింకింగ్ ఫండ్ బాగా పోగైంది. అందులోంచి కాలనీ పిల్లలకు లైబ్రరీ పెడదామని కమిటీ అనుకుంటోంది. మంచి పనే కదా?
– చేర్మన్, బల్లార్షా

జవాబు: పని మంచిదే, డబ్బే మీరు అనుకున్నది కాదు. సింకింగ్ ఫండ్ ఉన్నది బిల్డింగు పెద్ద మరమ్మతులకు, పునర్నిర్మాణానికి. స్లాబు కారే రోజున లైబ్రరీ పుస్తకాలు పైన కప్పలేరు. లైబ్రరీకి విడిగా చందా పెట్టి, సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించండి. ఆ సమావేశం సెప్టెంబరు 30 లోపు ఎలాగూ జరపాలి. ఆ రోజు టీ, ఉప్మా ఖర్చు ఏ ఖాతాలో రాయాలని మాత్రం మళ్ళీ ఉత్తరం రాయకండి.