లైబ్రరీ తాళాలు చేతికొచ్చిన మేనకోడలికి

చి. మేనకోడలికి, అత్త ఆశీస్సులు.

బళ్ళో లైబ్రరీ నీకు అప్పజెప్పారని, ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు ఏ నవలలు ఇవ్వాలో లిస్టు పంపమని అడిగావు. లిస్టు గోడకు అంటించుకోవడానికి బాగుంటుంది గానీ, దాన్ని చూసి పుస్తకం తీసుకెళ్ళిన పిల్లాణ్ణి నేనైతే చూడలేదు. ఎవరికి ఏది, ఎలా ఇవ్వాలో నాకు తెలిసినంత రాస్తాను.

"నీకెలాంటి పుస్తకాలు ఇష్టం?" అని మాత్రం అడక్కు. "తెలీదు టీచర్" అంటారు, అంతటితో సరి. ఏ సినిమా రెండోసారి చూశావని అడుగు. కాసేపు వాగనివ్వు. ఫైట్లు చెప్తున్నాడా, నవ్వొచ్చిన చోటు చెప్తున్నాడా, ఫ్రెండ్స్ విడిపోయిన సీను చెప్తున్నాడా అన్నది గమనించు. పుస్తకం ఏదో నీకే తడుతుంది.

ఉత్కంఠ కావాలనేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని ఇచ్చేది డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. చిన్న నవల, లావు చూసి భయపడే పని లేదు. ఇచ్చేటప్పుడు రెండే ముక్కలు చెప్పు: ఒక ముసలాయన మేపుకునే చూడి పంది ఇంటికి రాలేదు, చీకటి పడుతుంటే దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళాడు. అక్కడ ఆపెయ్. "దొరికిందా టీచర్?" అని అడుగుతారు. పుస్తకం చేతిలో పెట్టు. రాసినాయన కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరని కూడా చెప్పు, పిల్లలకు అలాంటివి పట్టుకుంటాయి. ముగింపు మాత్రం తియ్యగా ఉండదు. చదివొచ్చి నీ మీద విసుక్కున్నా విసుక్కుంటారు. పర్లేదు, అలా విసుక్కున్నవాళ్ళే ఇంకోటి అడుగుతారు.

నవ్వుకోవాలనుకునేవాళ్ళకి 'బారిష్టర్ పార్వతీశం'. మొదటి భాగం 1924 నాటిది, భాష పాతది. మొదటి పేజీ నుంచి చదవమంటే మూడో పేజీలో వదిలేస్తారు. అందుకని మొగల్తూరు నుంచి బయల్దేరిన పార్వతీశం మద్రాసులో దొరబాబులా ఉండాలని ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్న ఘట్టం నువ్వే క్లాసులో పైకి చదువు. గోదావరి యాస రాకపోతే రాకపోయింది, నువ్వు నవ్వు ఆపుకోలేకపోతే చాలు. మూడు భాగాలూ ఇవ్వకు, ముందు మొదటిది.

'బుడుగు' సంగతి వేరు. తొమ్మిదో తరగతి కుర్రాడికి పదిమందిలో అది ఇస్తే "చిన్నపిల్లల పుస్తకం" అని చిన్నబుచ్చుకుంటాడు. అసలు అందులో వెటకారమంతా పెద్దవాళ్ళ మీదే కదా, ప్రైవేటు మాస్టార్లతో సహా! పదోక్లాసు వాళ్ళకే బాగా ఎక్కుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఇవ్వు.

ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు కూడబలుక్కుని చదువుతారు. వాళ్ళని తెలుగు కోసం బతిమాలడం ఆపి ఇంగ్లీషు నవలలే ఇవ్వు, ముందు చదివే అలవాటు పడనివ్వు. ఇంగ్లీషులో తడబడేవాళ్ళకి 'వండర్' మేలు. అధ్యాయాలు పొట్టివి, "ఇంకొక్కటి" అనుకుంటూ ముందుకెళ్ళిపోతారు. గ్యాంగులు కట్టి తిరిగే మగపిల్లలకి 'ది అవుట్‌సైడర్స్' ఇచ్చి చూడు. రచయిత్రి హింటన్ అది పదిహేనేళ్ళకే మొదలుపెట్టింది, 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకు పద్దెనిమిదే. ఆడపిల్ల పేరు చూసి విమర్శకులు చులకన చేస్తారని పబ్లిషర్లు ఇంటిపేరుకు ముందు పొడి అక్షరాలే వేయించారు. ఈ మాట చెబితే ఆడపిల్లలు కూడా చెయ్యి చాపుతారు. 'ది బుక్ థీఫ్' మాత్రం పరీక్షలయ్యాక ఇవ్వు. కథ చెప్పేది సాక్షాత్తూ మృత్యువు, నడిచేది హిట్లర్ కాలం జర్మనీలో. తీరిక లేనప్పుడు సగంలో ఆగిపోతుంది. 'హంగర్ గేమ్స్' ఇస్తే "సినిమా చూసేశాం" అంటారు. అయినా ఇవ్వు.

నీకు ప్రాణమైన పుస్తకాలు మాత్రం కొన్నాళ్ళు బీరువాలోనే ఉండనీ. 'చివరకు మిగిలేది' అంటే నీకెంత పిచ్చో నాకు తెలుసు. పద్నాలుగేళ్ళవాడికి అందులో హీరో దయానిధి బాధ ఏం పడుతుంది? ఇంటర్‌లో వాడే వెతుక్కుంటాడు.

నువ్వు చదవని నవల ఎవరికీ ఇవ్వకు. ప్రేమకథ ఇచ్చావని ఏ తల్లో వచ్చి నిలదీసిందనుకో, లోపల ఏముందో తెలిస్తేనే కదా నిబ్బరంగా మాట్లాడగలిగేది? అలాగని ప్రేమ ఉన్న ప్రతి పుస్తకాన్నీ దాచకు. దాచినవన్నీ ఫోన్లో దొరుకుతాయి, నీకు చెప్పరంతే.

సగం చదివి తిరిగిచ్చేస్తే ఏమీ అనకు. "కథేంటో చెప్పు", "నీతేంటో రాయి" అన్నావా, ఇక మళ్ళీ లైబ్రరీ వైపు రారు. "ఎక్కడ ఆపావు?" అని ఒక్కటి అడిగి చిన్న నోట్‌బుక్‌లో రాసుకో. ఫలానా పిల్ల యుద్ధం మొదలవగానే ఆపేసిందని తెలిస్తే తర్వాత ఏది ఇవ్వకూడదో తెలుస్తుంది.

బడి వాళ్ళు డబ్బులిస్తే జనవరిలో విజయవాడ పుస్తకాల పండగకి పిల్లల్ని నలుగురైదుగుర్ని వెంటబెట్టుకెళ్ళు. వాళ్ళు ఎంచినవే సగం కొను, అట్ట బొమ్మ చూసి ఎంచినా సరే. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు నా దగ్గరున్న 'పార్వతీశం' తీసుకెళ్దువుగాని. అట్ట ఊడింది, బైండింగ్ చేయించుకోవాలి.

ఇట్లు,
మీ అత్త