మానసిక వ్యాధికి మందు వాడుతున్న పిల్లలు మొక్కులు, ఉపవాసాలు మానేయాలా?

మొక్కులు మాననక్కరలేదు, కాని ఉపవాసమనో మొక్కు తీరిందనో డాక్టరును అడగకుండా మాత్ర ఆపకూడదు. ఈ వ్యాధుల్లో మెదడు పనితీరే మారుతుంది కాబట్టి, భక్తి ధైర్యమివ్వగలదే గాని మందు చేసే పని చేయలేదు. ఉదాహరణకు, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి లిథియం (మనసు విపరీతమైన ఉత్సాహానికి, దిగులుకు లోనవకుండా ఇచ్చే మందు) వాడే పదహారేళ్ల కుర్రాడు నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసముంటే, ఒంట్లో నీరు తగ్గి ఆ మందు రక్తంలో ప్రమాదకరంగా పేరుకోవచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, మాట తడబడడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అందుకే ఆ కుర్రాడి చేత అమ్మవారికి కొబ్బరికాయ కొట్టించి, వేళకు అన్నం, నీళ్లు ఇవ్వడంలో అపచారమేమీ లేదు. చాలామంది ఈ మానసిక వ్యాధిని గాలి సోకడమనో, భక్తి లోపమనో పొరబడతారు. ఆ మాట చెవినపడిన పిల్లలు తామే పాపం చేశామని లోలోపల కుమిలిపోతారు. ఎవరిని అడగాలో తెలియనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన 14416 టెలి మానస్‌కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.