జింక ఖీమాలో సీసం: పాఠకుల ప్రశ్నలకు పిల్లల డాక్టర్ జవాబులు

ప్రశ్న: మేం మినియాపొలిస్ దగ్గర ఉంటాం. మావారి ఆఫీసులో పనిచేసే ఒకాయన ఏటా నవంబర్‌లో జింకను వేటాడి, కొంత ఖీమా మాకూ ఇస్తారు. అత్తగారు దాన్ని చింతపండు పులుసు పోసి వండుతారు. మా పాపకు మూడేళ్లు, ఇష్టంగా తింటుంది. నాకిప్పుడు ఐదో నెల. అందులో సీసం ఉంటుందని పక్కింటావిడ చెప్పినప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. గుండు తగిలిన చోటు కోసి పారేస్తారు కదా, భయమెందుకని మావారంటారు. ఎవరి మాట నిజం?
- పేరు వద్దన్న పాఠకురాలు, మినెసోటా

జవాబు: పక్కింటావిడ మాటే నిజమమ్మా. అలాగని కంగారుపడే పరిస్థితి కాదు. ముందు చేయాల్సింది చెప్తాను. ఫ్రీజర్‌లో ఉన్న ఆ ఖీమా మీరు తినకండి, పాపకు పెట్టకండి. పాపకు బ్లడ్ లెడ్ టెస్ట్ చేయించండి. మీ గైనకాలజిస్టుకు విషయం చెప్పి మీరూ చేయించుకోండి. అది మామూలు రక్త పరీక్షే.

ఇక మీవారి ప్రశ్న. ఆయన అనుకుంటున్నట్టు గుండు ఒక్క ముక్కగా దూరి ఒక్క ముక్కగా బయటికి పోదు. జింక వేటకు వాడే మామూలు రైఫిల్ గుండు లోపలంతా సీసం, పైన పల్చటి రాగి తొడుగు. సీసం మెత్తటి లోహం. అంత వేగంతో ఎముకకో కండకో తగలగానే చిట్లిపోయి రవ్వలు రవ్వలుగా చెదురుతుంది. వేటగాళ్లు చంపిన 30 జింకలను ఎక్స్‌రే తీసిన ఒక అధ్యయనంలో ఒక్కో కళేబరంలో సగటున 136 లోహపు ముక్కలు కనిపించాయి. వాటిలో చాలావరకు కంటికి ఆనవు, పంటికి తగలవు. మన మినెసోటాలోనే 2008లో సహజ వనరుల శాఖవాళ్లు చచ్చిన గొర్రెలను రకరకాల గుళ్లతో కాల్చి చూశారు. గాయానికి ఒకటిన్నర అడుగు దూరంలో కూడా సీసం దొరికింది. నీళ్లతో కడిగితే గాయం దగ్గర తగ్గింది కానీ, ఆ నీళ్లతోపాటే మిగతా మాంసానికి పాకింది. గాయం చుట్టూ ఎంత కోసి పారేసినా పూర్తిగా పోదనేది అందుకే. ఖీమాతో ఇంకో చిక్కుంది. ముక్కలు ముక్కలుగా ఉన్న మాంసంలో ఒకచోట ఉండే రవ్వ, మిషన్‌లో ఆడించాక మొత్తం కలిసిపోతుంది.

చింతపండు సంగతి మీరు రాయడం మంచిదైంది. పులుపు తగిలితే సీసం ఎక్కువగా కరుగుతుంది. స్పెయిన్ శాస్త్రవేత్తలు సీసపు రవ్వలున్న పిట్ట మాంసాన్ని వెనిగర్ పోసి వండి చూస్తే, మామూలుగా వండినదానికంటే మాంసంలోకి చాలా ఎక్కువ సీసం దిగింది. చింతపండుతో ఎవరైనా పరీక్షించారా అన్నది పక్కన పెడితే, పులుపు పులుపే. నిమ్మరసం, పెరుగు పట్టించి రాత్రంతా నానబెట్టడం కూడా ఈ మాంసానికి వద్దు. అత్తయ్యగారి వంటలో తప్పేమీ లేదని ఆవిడకు తప్పకుండా చెప్పండి. దోషం గుండుది.

మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేది సుమారు పదో వంతు. చిన్నపిల్లలకైతే దాదాపు సగం దాకా పట్టొచ్చు. శరీరం సీసాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది, అక్కడ దశాబ్దాలు ఉంటుంది. గర్భంలో బిడ్డకు కాల్షియం కోసం తల్లి ఎముకలు కరిగేటప్పుడు ఆ సీసమూ బయటికొచ్చి, మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ఎదిగే మెదడుకు ఇంతవరకు ఫర్వాలేదు అని చెప్పగల స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మేం పిల్లల డాక్టర్లం వాడే కొలత డెసిలీటర్ రక్తంలో 3.5 మైక్రోగ్రాములు. అది దాటితే ఎక్కడినుంచి వస్తోందో వెతుకుతాం. సీసాన్ని బయటికి లాగే మందులు సాధారణంగా 45 దాటినప్పుడే ఇస్తాం. మీ పాపకు అంత ఉంటుందని నేననుకోను. రాక ఆగితే రక్తంలోని సీసం నెల, నెలన్నరలో సగానికి తగ్గుతుంది. ఈలోపు ఐరన్, కాల్షియం తగ్గకుండా చూడండి. ఐరన్ తక్కువున్న పిల్లలకు సీసం ఎక్కువ పడుతుంది.

రిపోర్టులో అంకె ఎక్కువొస్తే జింక ఒక్కదాన్నే అనుమానించకండి. ఇండియా నుంచి తెచ్చుకున్న విడి పసుపు, కుంకుమ, కాటుక, రసం కాచే ఈయం (తగరం) గిన్నె కూడా డాక్టర్‌కు చెప్పండి. ఇక్కడి డాక్టర్లకు ఇవి అడగాలని తోచకపోవచ్చు.

సీసంతో పక్షులు చస్తున్నాయని బాధపడే పక్షి ప్రేమికులు పుట్టించిన భయమిదని వేటాడేవాళ్లలో కొందరంటారు. పక్కనే నార్త్ డకోటాలో దీన్ని బయటపెట్టిన చర్మవ్యాధుల డాక్టర్ విలియం కార్నాట్జర్ స్వయంగా వేటగాడు. పేదల కోసం ఫుడ్ ప్యాంట్రీలకు దానంగా వచ్చిన జింక ఖీమా ప్యాకెట్లను 2008లో స్కాన్ చేయిస్తే సగానికి పైగా ప్యాకెట్లలో లోహం కనిపించింది. తర్వాత అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ రాష్ట్రంలో 700 మందికి పైగా రక్తం పరీక్షించింది. వేట మాంసం తినేవాళ్లలో సీసం తినని వాళ్లకంటే ఎక్కువే ఉంది. తేడా చిన్నది, ఎవరికీ ఆసుపత్రిలో చేర్చేంత లేదు. అయినా ఆరేళ్లలోపు పిల్లలు, గర్భిణులు సీసం గుండుతో చంపిన జింక మాంసం తినొద్దని ఆ రాష్ట్రం సలహా ఇచ్చింది. నాకైతే అన్నిటికంటే బాధ కలిగించేది ఆ దానం ప్యాకెట్లే. తెచ్చుకున్నవాళ్లకు ఏ గుండో అడిగే వీలుండదు, వేరే మాంసం కొనుక్కునే స్తోమతా ఉండదు.

మీ స్నేహితుడిని నొప్పించాల్సిన పనిలేదు. నా దగ్గరికి పిల్లల్ని తీసుకొచ్చే వేటగాళ్లకు నవంబర్‌కు ముందే చెప్తుంటాను: రాగి గుళ్లు దొరుకుతున్నాయి, వాటిని వాడండి అని. పూర్తిగా రాగితో చేసిన గుండు తగిలాక పువ్వులా విచ్చుకుంటుంది కానీ చిట్లదు, దాదాపు మొత్తం ఒకే ముక్కగా ఉంటుంది. గర్భంతో ఉన్నాను, పాప చిన్నది అని చెప్పి, వచ్చే ఏడాది రాగి గుండుతో కొడతారా అని మీవారిచేత అడిగించండి. తండ్రి అయిన మనిషి ఎవరూ దానికి కాదనరు. ఇంకో మాట, ఆడించే కొట్టుకు ఇస్తే అక్కడ మిగతావాళ్ల జింకలూ కలవొచ్చు. ఇంట్లోనే ఆడించమనండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. హైదరాబాద్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాడు. ఆ పెల్లెట్లు సీసమేనట. మాన్పించాలా?
- ఒక తండ్రి, సికింద్రాబాద్

జవాబు: మాన్పించకండి సార్. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ ఆటలోనే. మందుగుండుతో పేలే తుపాకుల్లో, మందును రాజేసే ప్రైమర్‌లోనూ సీసం ఉంటుంది, పేలినప్పుడు పొగగా ముక్కులోకి పోతుంది. ఎయిర్ రైఫిల్‌లో ఆ పొగ లేదు. మిగిలేవి చేతికి అంటేది, టార్గెట్ దగ్గర రాలే దుమ్ము. పెల్లెట్లు నోట్లో పెట్టుకోకూడదు. రేంజ్‌లో ఏమీ తినకూడదు. బయటికి రాగానే సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవాలి, శానిటైజర్‌తో సీసం పోదు. ఆ బట్టలు విడిగా ఉతకండి, ఇంట్లో చంటిపిల్లలుంటే మరీ జాగ్రత్త. టార్గెట్ల దగ్గర పొడి చీపురుతో ఊడుస్తుంటే కోచ్‌తో మాట్లాడి ఆపించండి, తడిగుడ్డతో తుడవాలి. అదే హాల్లో మందుగుండుతో పేలే .22 తుపాకులు కూడా పేలుస్తుంటే గాలి బయటికి లాగే ఏర్పాటుందేమో చూసి, ఏడాదికోసారి రక్త పరీక్ష చేయించండి.

ప్రశ్న: మన రాబందులు డైక్లోఫెనాక్ వల్ల పోయాయని చదివాం. అమెరికాలో కాండోర్లకు (అక్కడి రాబందులు) సీసం ముప్పట. రెండూ ఒకటేనా?
- జువాలజీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: విషం వేరు, దారి ఒకటేనమ్మా. రెండూ కళేబరంలోంచే వస్తాయి. మన దగ్గర పశువుకిచ్చిన నొప్పి మందు రాబందు కిడ్నీలను చంపింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. అమెరికాలో వేటగాడు జింక పేగులను అడవిలో వదిలేస్తాడు, గాయపడి తప్పించుకున్న జింక ఎక్కడో చచ్చిపోతుంది. వాటిని తిన్న పక్షి కడుపులోని ఆమ్లం సీసాన్ని కరిగిస్తుంది. బియ్యపు గింజంత ముక్క బాల్డ్ ఈగిల్‌ను (తెల్లతల గద్దను) చంపడానికి చాలు. 38 రాష్ట్రాల్లో 1,210 ఈగిల్స్‌ను పరీక్షించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం పక్షుల ఎముకల్లో దీర్ఘకాలంగా చేరిన సీసం విష స్థాయిలో ఉంది.

కాలిఫోర్నియా కాండోర్లు 1982లో 22 మిగిలాయి. 1987లో చివరి అడవి పక్షినీ పట్టుకుని, బోనుల్లో పిల్లల్ని చేయించి, 1992 నుంచి మళ్లీ వదులుతున్నారు. ఇప్పటికీ వాటి చావులకు మొదటి కారణం సీసమే. పట్టుకుని రక్తం చూసి, ఎక్కువుంటే మా పిల్లలకు వాడేలాంటి మందులే ఇచ్చి మళ్లీ వదులుతారు. కాలిఫోర్నియా చట్టం చేసింది, 2019 జులై నుంచి రాష్ట్రమంతా వేటకు సీసం గుళ్లు నిషేధం. అరిజోనా మాత్రం నిషేధించకుండా, కాండోర్లు తిరిగే ప్రాంతంలో వేటాడేవాళ్లకు 2005 నుంచి సీసం లేని గుళ్లు ఉచితంగా ఇస్తోంది. అక్కడ పదిమందిలో ఎనిమిది మందికి పైగా వాటిని వాడడమో, పేగులను అడవిలోంచి తీసుకెళ్లిపోవడమో చేస్తున్నారు. అయినా పక్కన ఉన్న యూటాలోకీ ఎగిరే పక్షికి సరిహద్దులుండవు గనుక నాకు చట్టమే మేలనిపిస్తుంది. ప్రాజెక్టు రాయాలనుకుంటే ఈ రెండు రాష్ట్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి, మన తెలంగాణలోని బెజ్జూరు అడవిలో ఉన్న పాలరాపు గుట్ట రాబందుల సంగతి కూడా కలపండి.