కొత్త మెషినరీ రెగ్యులేషన్‌కి టీమ్‌ని సిద్ధం చేయడం: క్లాస్‌రూమ్‌తో మొదలుపెట్టకండి

మీరు అడిగింది ఇదీ: మీ కంపెనీ ప్యాకింగ్ మెషీన్లు తయారు చేసి యూరప్‌కి పంపుతుంది. 2027 జనవరి 20 నుంచి, యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో మెషీన్ల సేఫ్టీ చట్టమైన పాత మెషినరీ డైరెక్టివ్ 2006/42 స్థానంలో రెగ్యులేషన్ 2023/1230 అమల్లోకి వస్తోంది. డిజైన్ నుంచి సర్వీస్ దాకా అందరినీ కూర్చోబెట్టి రెండు రోజుల ట్రైనింగ్ ఇస్తే సరిపోతుందా అని.

సరిపోదండీ. నేను సరిగ్గా అలాగే ఇచ్చి చూశాను.

మెషీన్ సేఫ్టీ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక ఫ్యాక్టరీలో రెండు రోజుల క్లాస్ తీసుకున్నాను. డైరెక్టివ్‌లోని క్లాజులన్నీ వరసగా స్లైడ్ల మీద పెట్టాను. చివర్లో పరీక్ష పెడితే అందరూ పాసయ్యారు. మూడు వారాలు తిరక్కుండానే అదే ఫ్లోర్‌లో ఒక కుర్రాడి గ్లోవ్ రోలర్ల మధ్యకి వెళ్లిపోయింది. గ్లోవ్ వదులుగా ఉండి ఊడిపోయింది కాబట్టి చెయ్యి దక్కింది. వెళ్లి చూస్తే గార్డ్, అంటే తిరిగే భాగాలకి చెయ్యి తగలకుండా పెట్టే మూత, తెరిచే ఉంది. గార్డ్ తెరవగానే మెషీన్‌ని ఆపే ఇంటర్‌లాక్ స్విచ్‌లో స్పేర్ కీ ఒకటి దూర్చి, గార్డ్ మూసే ఉన్నట్టు మెషీన్‌ని నమ్మించారు. ఆ పని చేసింది నా క్లాస్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న టెక్నీషియనే.

ఎందుకు చేశావని అడిగితే అతను దాచలేదు. "ప్యాకింగ్ ఫిల్మ్ షిఫ్ట్‌కి ఇరవై సార్లు ఇరుక్కుంటుంది సార్. గార్డ్ తెరిచిన ప్రతిసారీ లైన్ మొత్తం మొదటి నుంచి స్టార్ట్ చేయాలి. టార్గెట్ ఎట్లా అందుకోవాలి?" అన్నాడు. అతనికి రూల్ బాగా తెలుసు. ఇరుక్కున్న ఫిల్మ్ తీయడానికి, బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే నెమ్మదిగా తిరిగే మోడ్ ఒకటి డిజైన్‌లోనే ఉంటే ఆ కీతో పనే ఉండేది కాదు. ఆ మెషీన్ గీసిన డిజైనర్ అది నడుస్తుంటే పక్కన ఒక పూట కూడా నిలబడలేదు. నా క్లాస్ ఆ ఇద్దరినీ ఒక్కసారైనా ఎదురెదురుగా కూర్చోబెట్టలేదు. ఆ కుర్రాడి ముఖం ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే పద్ధతి మార్చుకున్నాను.

ఇప్పుడు మొదటి రోజంతా ఒకే మెషీన్ చుట్టూ గడుస్తుంది. డిజైనర్, ఎలక్ట్రికల్ ఇంజినీర్, మెషీన్‌ని నడిపే కంట్రోలర్‌కి ప్రోగ్రామ్ రాసే పీఎల్‌సీ ప్రోగ్రామర్, సర్వీస్ ఇంజినీర్, దాన్ని రోజూ నడిపే ఆపరేటర్, అందరూ అక్కడే ఉండాలి. కరెంటు ఆపి, లాక్ వేసి, ఆపరేటర్‌ని అడుగుతాను: "ఇక్కడ ఇరుక్కుంటే ఏం చేస్తారు? చేసి చూపించండి." మాన్యువల్‌లో ఎక్కడా లేని పనులు అప్పుడు బయటపడతాయి. మెషీన్ సేఫ్టీకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 12100 ప్రకారం రిస్క్ అసెస్‌మెంట్, అంటే ఎక్కడ ఎంత ప్రమాదం ఉందన్న అంచనా, అక్కడే, వాళ్ల చేతే రాయిస్తాను. ముందు ప్రమాదాన్ని డిజైన్‌లోనే తీసేయాలి, కుదరకపోతే గార్డో సెన్సరో పెట్టాలి, అప్పటికీ మిగిలిన దానికే హెచ్చరిక. డిజైనర్లు నేరుగా స్టిక్కర్ దగ్గరికి వెళ్లిపోతుంటారు. పక్కన ఆపరేటర్ ఉంటే అలా వెళ్లలేరు.

ఒక లెక్క తప్పకుండా చేయించండి. లైట్ కర్టెన్ (కాంతి కిరణాల తెర, చెయ్యి అడ్డొస్తే మెషీన్‌ని ఆపుతుంది) ప్రమాదం ఉన్న చోటికి ఎంత దూరంలో ఉండాలన్నది. ఐఎస్ఓ 13855లో చెయ్యి సెకనుకు 2000 మిల్లీమీటర్ల వేగంతో వస్తుందని తీసుకుంటారు. 14 మిల్లీమీటర్ల రిజల్యూషన్ ఉన్న కర్టెన్, అంటే అంత మందం ఉన్న వేలుని కూడా పట్టేది, అనుకోండి. కర్టెన్ స్పందించడం నుంచి మెషీన్ పూర్తిగా ఆగే దాకా మొత్తం 0.15 సెకన్లు పడితే దూరం 300 మిల్లీమీటర్లు. ఒకసారి ఒక డిజైనర్ ఈ లెక్కతోనే 320 దగ్గర పెట్టి నిశ్చింతగా ఉన్నాడు. సర్వీస్ ఇంజినీర్ కలగజేసుకుని, "బ్రేక్ అరిగాక అంత తొందరగా ఆగదండీ" అన్నాడు. కొలిచి చూస్తే 0.22 వచ్చింది. అంటే 440 మిల్లీమీటర్లు కావాలి. కర్టెన్ ఉన్నా చెయ్యే ముందు చేరుతుంది. కర్టెన్‌ని వెనక్కి జరిపారు, ఆగే సమయాన్ని ఎప్పుడెప్పుడు కొలవాలో మాన్యువల్‌లోకి ఎక్కించారు. అప్పటిదాకా ఆ ఇద్దరూ దీని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదట.

చట్టం సంగతి రెండో రోజు నుంచి, ఎవరి పనికి తగ్గది వాళ్లకి. అందరికీ అన్నీ చెప్పకండి.

నా అనుభవంలో ఎక్కువ టైమ్ సర్వీస్ వాళ్లకే కావాలి. మామూలుగా వాళ్లనే ఆఖరున పిలుస్తారు. కొత్త రెగ్యులేషన్‌లో గణనీయమైన మార్పు అనే మాటకి నిర్వచనం ఇచ్చారు. తయారీదారు ముందుగా అనుకోని మార్పు చేసి, దానివల్ల కొత్త ప్రమాదం పుట్టినా, ఉన్న రిస్క్ పెరిగినా, అందుకోసం కొత్త గార్డులు పెట్టి సేఫ్టీ కంట్రోల్‌ని మార్చాల్సి వస్తే, ఆ మార్పు చేసినవాళ్లే తయారీదారు బాధ్యతలు మోయాలి. సాఫ్ట్‌వేర్ మార్పుతోనైనా అంతే. కస్టమర్ దగ్గర నిలబడి "కొంచెం స్పీడ్ పెంచండి" అన్న మాటకి తలూపేది సర్వీస్ ఇంజినీరే. ఎక్కడ ఆగి ఆఫీసుకి ఫోన్ చేయాలో అతనికి ముందే తెలియాలి.

ప్రోగ్రామర్లకి కొత్తగా వచ్చింది సేఫ్టీ సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ పాడు చేయకుండా కాపాడటం. మెషీన్ మార్కెట్‌లోకి వెళ్లాక ఏ వెర్షన్ ఎక్కించారో చూపించే లాగ్ ఆ తర్వాత అయిదేళ్లు ఉండాలి. తనంతట తానే నేర్చుకుంటూ మారే సాఫ్ట్‌వేర్‌తో సేఫ్టీ ఫంక్షన్ నడిపించాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే చెప్పమనండి. దానికి నోటిఫైడ్ బాడీ, అంటే ఈయూ గుర్తింపు ఉన్న బయటి తనిఖీ సంస్థ, తప్పనిసరి. రూల్స్ పాటించామని కంపెనీ తనే రాసిచ్చే డిక్లరేషన్‌తో అవదు. మాన్యువల్ రాసేవాళ్లకి డిజిటల్ మాన్యువల్ ఇవ్వొచ్చన్న వెసులుబాటు దొరికింది. కానీ కొనేటప్పుడు కస్టమర్ కాగితం మీద అడిగితే నెలలోపు ఉచితంగా ఇవ్వాలి. మెషీన్ రూల్స్ ప్రకారమే ఉందని చూపించే కాగితాలన్నీ ఉండే టెక్నికల్ ఫైల్ పదేళ్లు దాచాలి.

సేల్స్, డిస్పాచ్ వాళ్లకి ఒక గంట చాలు, కానీ ఆ గంట మానేయకండి. "ఆర్డర్ 2026లో వచ్చింది కదా, పాత డైరెక్టివ్ చాల్లే" అనే మాట వాళ్ల దగ్గర్నుంచే వస్తుంది. మోడల్ ఎన్నేళ్ల నుంచి అమ్ముతున్నారన్నది కూడా లెక్క కాదు. తయారైన ఆ ఒక్క మెషీన్ ఈయూ మార్కెట్‌లోకి మొదటిసారి ఎప్పుడు వచ్చిందన్నదే లెక్క.

చివర్లో పరీక్ష పెట్టకండి. నెల తర్వాత చెప్పకుండా ఫ్లోర్‌కి వెళ్లి ఇంటర్‌లాకులు చూడండి, ఏదైనా బైపాస్ కనిపిస్తే చేసినవాళ్లని తిట్టకుండా కారణం రాసుకుని డిజైన్ వాళ్లకి ఇవ్వండి. మొదటి రోజుకి ఏ మెషీన్ ఎంచుకోవాలో తెలియకపోతే, మీ సర్వీస్ రికార్డులో జామ్ కంప్లయింట్లు ఎక్కువగా ఉన్న దాన్ని తీసుకోండి.