చెన్నై నుంచి లండనుకు: గంటల లెక్క

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులతో మేనమామ రాసేది.

జనవరిలో లండను వెళుతున్నావని, చెన్నైలో ఉదయం 6 గంటలకు విమానమెక్కితే 11.30కే దిగిపోతావని అక్క సంబరంగా చెప్పింది. ఆ అయిదున్నర గంటల లెక్కను ముందు మనసులోంచి తీసెయ్యి. టికెట్టు మీద బయలుదేరే వేళ చెన్నైది, చేరే వేళ లండనుది. చలికాలంలో అక్కడి గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉంటుంది కనుక, నువ్వు దిగేసరికి తిరుపతిలో సాయంత్రం 5 గంటలవుతుంది. అంటే ప్రయాణం పదకొండు గంటలు. తిరుగు టికెట్టులో ఇదే లెక్క తారుమారై, పది గంటల ప్రయాణం పదిహేనున్నర గంటలన్నట్టు కనిపిస్తుంది. పై ఎత్తుల్లో పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది కాబట్టి, సాధారణంగా తిరుగు ప్రయాణం నిజంగానే కొంత తక్కువ సమయంలో ముగుస్తుంది.

రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 8,200 కిలోమీటర్లు. గ్లోబు మీద చెన్నై దగ్గర ఒక దారం అదిమిపట్టి, లండను దాకా బిగించి చూడు. అదే అతి దగ్గరి దారి. అయితే 2022 నుంచి ఉక్రెయిన్ మీదుగా పౌర విమానాలు ఎగరడం లేదు కాబట్టి, విమానం ఆ దారాన్నే పట్టుకుని పోదు. దుబాయిలో మారి వెళ్లినా దూరం 8,400 కిలోమీటర్లే, పెద్ద తేడా లేదు. కానీ అక్కడ కాచుకునే గంటలు కిలోమీటర్లలో కనబడవు. చవక అని అలా వెళ్లదలిస్తే, మధ్యలో మూడు గంటలైనా ఉండేలా చూసుకో.

తిరుపతి పక్కనే ఉన్న రేణిగుంట విమానాశ్రయం నుంచి లండనుకు నేరుగా విమానం లేదు కాబట్టి, నీ అసలు ప్రయాణం తిరుపతి ఇంటి గడప దగ్గరే మొదలవుతుంది. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాకం సుమారు 140 కిలోమీటర్లు, మూడు గంటల పైమాటే. తెల్లవారుజామున 3 గంటలకు అక్కడ ఉండాలంటే ముందురోజు రాత్రి 11 గంటలు దాటనివ్వకు.

తేదీ విషయంలో మరీ జాగ్రత్త. నా మొదటి విదేశీ ప్రయాణంలో టికెట్టు మీద 12వ తేదీ, 02.00 అని ఉంటే, నేను 12వ తేదీ రాత్రి భోంచేసి, పులిహోర పొట్లం పట్టుకుని దర్జాగా బయలుదేరాను. పుత్తూరు దాటాక టీ కోసం ఆగినప్పుడు టికెట్టు చూసిన డ్రైవరు, "సార్, ఇది నిన్న రాత్రిదే కదా!" అన్నాడు. తప్పు పూర్తిగా నాదే. పులిహోర మాత్రం ఇద్దరం అక్కడే తినేసి వెనక్కి తిరిగాం.

విమానంలో కూర్చోగానే చేతి గడియారాన్ని లండను వేళకు మార్చుకో. దిగాక పెట్టె అందిన వెంటనే అక్కకు ఫోను చెయ్యి. ఆ తరువాతి రోజుల్లో మాత్రం అక్కడ మధ్యాహ్నం 3 గంటలు దాటనివ్వకు. అప్పటికే ఇక్కడ ఎనిమిదిన్నర, మీ అమ్మ తొమ్మిదింటికల్లా నిద్రపోతుంది.