ఎక్సొమొలొగూమై: స్తుతించడమా, ఒప్పుకోవడమా?

మత్తయి 11:25లో యేసు తండ్రితో ‘నిన్ను స్తుతించుచున్నాను’ అన్నచోట గ్రీకు మూలంలో ‘ఎక్సొమొలొగూమై’ అని ఉందనీ, నిఘంటువు దానికి ‘ఒప్పుకొను’ అన్న అర్థమే ముందు ఇస్తోందనీ, మరి ‘స్తుతి’ అన్న అనువాదం సరైనదేనా అనీ మీరు అడిగారు. సరైనదే. ఇదే మాట దగ్గర నేను ఒకసారి బోర్లా పడ్డాను కనుక ఆ సంగతితో మొదలుపెడతాను.

గ్రీకు నేర్చుకుంటున్న రెండో ఏట, ఒక బైబిలు అధ్యయన కూటంలో ఈ క్రియను ముక్కలుగా విడదీసి, ‘బయటకు’, ‘ఒకటే’, ‘పలుకు’ అన్న మూడు భాగాలు చూపించి, పాపపు ఒప్పుకోలు లేని స్తుతి అసలు స్తుతే కాదని గట్టిగా చెప్పాను. యొర్దాను దగ్గర జనం పాపాలు ఒప్పుకున్నారని మత్తయి 3:6 చెప్పేదీ, ఒకరితో ఒకరు ఒప్పుకోమని యాకోబు 5:16 చెప్పేదీ ఈ క్రియతోనే కనుక నా వాదానికి తిరుగులేదనుకున్నాను. అంతా విన్న ఒక పెద్దావిడ, “మరి 11వ అధ్యాయంలో యేసుప్రభువు ఏ పాపం ఒప్పుకున్నారు నాయనా?” అని నెమ్మదిగా అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

తరవాత ఆ క్రియ కొత్త నిబంధనలో వచ్చిన చోట్లన్నీ వెతికితే పది తేలాయి. వాటిలో లూకా 22:6 నన్ను బాగా తికమక పెట్టింది. యేసును అప్పగించడానికి యూదా ‘ఒప్పుకొన్నాడు’ అన్నది ఈ క్రియతోనే. అక్కడ స్తుతీ లేదు, పశ్చాత్తాపమూ లేదు, కుదిరిన బేరానికి సరేననడమే ఉంది. మాటను విడదీసి అర్థం తేల్చే పద్ధతి మీద నా నమ్మకం ఆ రోజే పోయింది.

అసలు కారణం హెబ్రీలో ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి యూదులు తమ లేఖనాలను గ్రీకులోకి మార్చిన అనువాదంలో, ‘హోదా’ అనే హెబ్రీ క్రియకు ఎక్కువగా వాడింది ఈ మాటనే. ఆ హెబ్రీ క్రియకే రెండు వైపులూ ఉన్నాయి: 32వ కీర్తన 5వ వచనంలో అది అతిక్రమాలను ఒప్పుకోవడం, 136వ కీర్తన మొదట్లో కృతజ్ఞతాస్తుతులు చెల్లించడం. యెహోషువ 7:19లో, నిషిద్ధమైన దోపుడు సొమ్ము దాచిన ఆకానును దేవునికి మహిమ చెల్లించి నిజం ఒప్పుకోమన్నప్పుడు వాడిన ‘తోదా’ అన్న నామవాచకం కూడా ఆ కుదురుదే. ఉన్నదాన్ని ఉన్నట్టుగా నలుగురిలో పలకడం ఈ రెండింటికీ ఉమ్మడి. ఆ ఉన్నది నా తప్పయితే ఒప్పుకోలు, దేవుడు చేసిన మేలయితే స్తుతి.

ఏ అర్థమో తేల్చడానికి వ్యాకరణం కొంత సాయపడుతుంది. పాపాలు కర్మగా వస్తే ఒప్పుకోవడం. కర్మ లేకుండా ‘నీకు’ అని చతుర్థీ విభక్తిలో దేవుడు మాత్రమే వస్తే సాధారణంగా స్తుతి, మత్తయి 11:25లో ఉన్నది ఇదే. అన్నిచోట్లా గీత ఇంత స్పష్టంగా ఉండదు. యెషయా 45:23 మాటలనే తీసుకున్న రెండు చోట్లలో, రోమా 14:11లో మన పాత తెలుగు అనువాదం ‘స్తుతించును’ అంటే, ఫిలిప్పీ 2:11లో ‘ఒప్పుకొనునట్లు’ అంది. నా దృష్టిలో ఇది అనువాదకుల పొరపాటు కాదు, రెండర్థాలనూ మోసే ఒకే మాట తెలుగులో దొరకకపోవడమే.

స్తుతి అనే అర్థం ఒక్కటే కావాలంటే గ్రీకులో ‘ఐనేయో’ ఉంది. లూకా 2:13లో దూతల సమూహం చేసిన స్తోత్రం ఆ క్రియతోనే చెప్పబడింది, కొత్త నిబంధనలో అది దేవుని విషయంలో తప్ప వాడబడలేదు.

కొన్నేళ్ల తరవాత, ప్రాచీన సంఘ బోధకుడైన అగస్టీను ప్రసంగాలు చదువుతుంటే, ఈ వచనం లాటిన్‌లో ‘కొన్‌ఫితెయోర్’ (‘ఒప్పుకుంటున్నాను’) అని వినబడగానే ఆయన సంఘంలోని జనం అలవాటుగా గుండెలు బాదుకున్నారనీ, పాపమెరుగని క్రీస్తు నోట ఈ మాట స్తుతి అని ఆయన వారికి చెప్పవలసి వచ్చిందనీ తెలిసింది. ఆ పెద్దావిడ అడిగింది అచ్చంగా అదే.