గేదె టీకా గుర్రానికి పనికిరాదు

ప్రశ్న: ఊరేగింపులకు తిప్పే మా గుర్రానికి దవడ కింద గడ్డ లేచింది, ముక్కులోంచి చీము కారుతోంది. మిగతా రెండింటికి గేదెలకు వేసే గురకవ్యాధి టీకా వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: వద్దండి. గురకవ్యాధి పాశ్చురెల్లా అనే క్రిమి వల్ల వస్తుంది. మీరు చెప్పేది స్ట్రాంగిల్స్ అనే గుర్రాల అంటువ్యాధిలా ఉంది. దాని క్రిమి స్ట్రెప్టోకాకస్ ఈక్వై. దీనికి టీకా అంత తేలిగ్గా కుదరలేదు. చంపిన క్రిమితో చేసినవి వేస్తే సూది చోట వాపు, రక్షణ అంతంతమాత్రం. ముక్కులో వేసే బతికున్న క్రిమి టీకా చుక్క సూదిపోటుకు తగిలితే అక్కడే చీముగడ్డ! 2021లో ఐరోపా అనుమతించిన టీకాలో క్రిమే లేదు, 8 ప్రోటీన్లే. కండకు 2 డోసులు, 4 వారాల ఎడంతో.

ఇప్పుడు మీకు అక్కరకొచ్చేది థర్మామీటరు. రెండింటికీ రెండు పూటలా చూడండి. 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ క్షణమే వేరు కట్టేయండి. సాధారణంగా జ్వరం వచ్చాక రెండు మూడు రోజులకుగాని క్రిమి బయటికి రాదు. నీళ్ల బకెట్టు ఉమ్మడిగా వాడకండి. గ్లాండర్స్ అనే మరో గుర్రపు జబ్బులోనూ ముక్కు ఇలాగే కారుతుంది, అది మనుషులకూ అంటుతుంది కాబట్టి, అది కాదని పశువైద్యుడితో రక్తపరీక్ష చేయించండి.